రిపోర్టు చదవడం నేర్పుతామన్న ఆరోగ్య ప్యాకేజీ: మా తొమ్మిదో తరగతి అనుభవం

నేను ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తాను. ఈ సంవత్సరం దసరా సెలవులకు ముందు, పక్క పట్టణంలోని ఒక ప్రైవేటు ల్యాబ్ వారు పాఠశాలల కోసం తయారుచేసిన ప్యాకేజీని మా తొమ్మిదో తరగతికి తీసుకున్నాము. సీబీపీ (రక్తకణాల లెక్క), ఎల్‌ఎఫ్‌టీ (కాలేయం పనితీరు చూసే పరీక్ష), షుగర్ పరీక్షలతో పాటు ఎత్తు, బరువు చూసి, వారం తర్వాత రెండు గంటలు కూర్చోబెట్టి రిపోర్టు ఎలా చదవాలో పిల్లలకే నేర్పుతామన్నారు. మనిషికి 300 రూపాయల చొప్పున పూర్వ విద్యార్థులు భరించారు. తల్లిదండ్రులు సంతకం చేసి పంపిన 41 మందికి పరీక్షలు జరిగాయి. మమ్మల్ని ఆకర్షించింది పరీక్షలు కావు, ఆ రెండు గంటల తరగతి. అందుకే ఈ సమీక్ష ఎక్కువగా దాని గురించే.

రక్తం తీసిన రోజు గురించి ఫిర్యాదు లేదు. వేలి కొనన గుచ్చి పిండకుండా చేతి రక్తనాళం నుంచే తీశారు. వేలిని గట్టిగా పిండితే కణజాల ద్రవం కలిసి హిమోగ్లోబిన్ అంకె తారుమారయ్యే అవకాశం ఉంటుంది కాబట్టి అది మంచి పనే.

చిక్కు రిపోర్టులు ఇళ్లకు చేరాక మొదలైంది. మరునాడు ప్రార్థన వేళకే ఒక విద్యార్థి తల్లి కవరు పట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉన్నారు. "మాస్టారూ, మావాడికి లివరు పాడైందంటండి, నిజమేనా?" అని అడిగారు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అన్న వరుసలో 290 అంకె, దాని పక్కన ఎర్రగా 'హెచ్' (హై, అంటే ఎక్కువ) అన్న అక్షరం, ఎదురుగా పెద్దలకు వర్తించే పరిమితి ఉన్నాయి. ఆ ఎంజైము కాలేయంలోనే కాక ఎముకల్లోనూ తయారవుతుందని, ఎత్తు పెరిగే వయసులో పెద్దల కంటే చాలా ఎక్కువగా ఉండటం సహజమని, పదమూడు పద్నాలుగేళ్ల మగపిల్లవాడికి 300 ఉన్నా వింత కాదని చెప్పి పంపాను. తరువాత చూస్తే తరగతిలో సగానికి పైగా పిల్లలకు అదే ఎర్ర అక్షరం పడింది. ల్యాబ్‌కు ఫోన్ చేస్తే "సాఫ్ట్‌వేర్‌లో అదే రేంజ్ ఉంది సార్" అన్నారు. పిల్లల కోసమే తయారుచేశామన్న ప్యాకేజీకి ఈ జవాబు సరిపోదు.

ఎత్తు, బరువుల కార్డుదీ అదే తీరు. 150 సెంటీమీటర్ల ఎత్తు, 39 కిలోల బరువు ఉన్న పద్నాలుగేళ్ల అమ్మాయికి బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే అంకె) 17.3 వచ్చింది, 18.5 కంటే తక్కువ కాబట్టి 'బరువు తక్కువ' అని ముద్రించారు. 18.5 పెద్దల కొలత. ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 నుంచి 19 ఏళ్ల వారికి వయసుల వారీగా ఇచ్చిన పట్టిక ప్రకారం ఆ వయసు అమ్మాయి సన్నబడిందనడానికి బీఎంఐ 15.4కు అటూ ఇటూగా ఉన్న గీత కిందికి దిగాలి. ఆ అమ్మాయి కార్డును నోటు పుస్తకం అట్టలో దాచుకుంది.

ఇక తరగతి. శిక్షకురాలు చెప్పిన మొదటి అరగంట నిజంగా గొప్పగా ఉంది. 41 మంది ఎత్తులనూ వరుసగా బోర్డు మీద రాయించి, ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి కొట్టివేయించి, "మిగిలిందే మన తరగతి రేంజ్, మరి కొట్టేసిన ఆ పొడుగమ్మాయికి జబ్బా?" అని అడిగారు. పిల్లలు ఘొల్లున నవ్వారు. ఆరోగ్యవంతుల్లో నూటికి సుమారు 95 మంది ఇమిడేలా రిపోర్టులోని పరిమితిని గీస్తారని, అందువల్ల ఇరవై మందిలో ఒకరు ఏ జబ్బూ లేకుండానే గీత అవతల ఉండవచ్చని అప్పటికి వారికే అర్థమైంది. నేను పాఠంగా చెబితే రెండు పీరియడ్లు పట్టేది.

హిమోగ్లోబిన్ దగ్గరకు వచ్చేసరికి ఆ పట్టు సడలింది. 12 కంటే తగ్గితే రక్తహీనత అని అందరికీ ఒకే గీత చెప్పారు. 12 నుంచి 14 ఏళ్ల వారికి, పదిహేను దాటిన ఆడపిల్లలకు డెసిలీటరుకు 12 గ్రాములు సరైన గీతే. పదిహేను నిండిన మగపిల్లలకు మాత్రం అది 13. 12.6 వచ్చిన ఒక కుర్రవాడు, నేను ఈ సంగతి చెప్పగానే, "అయితే వచ్చే నెల పుట్టినరోజు నుంచి నాకు రక్తహీనత అన్నమాటా సార్?" అన్నాడు. ఒక గీత ఎలా ఏర్పడుతుందో, దానిని ఎంతవరకు నమ్మాలో చర్చించడానికి అంతకంటే మంచి ప్రశ్న దొరకదు. శిక్షకురాలు దాన్ని దాటవేసి తరువాతి స్లైడుకు వెళ్లిపోయారు. పైగా తక్కువ వచ్చిన వారి పేర్లు, అంకెలు పైకి చదవబోతే నేనే లేచి ఆపవలసి వచ్చింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం దేశంలో 15–19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతానికి రక్తహీనత ఉంది. తరగతిలో చదవాల్సింది ఆ అంకె, ఆ పిల్లల పేర్లు కావు.

ఆహారం గురించి ఇచ్చిన కరపత్రం మా ఊరి కోసం రాసింది కాదు. ఆపిల్, బ్రకోలీ, బాదం పాలు ఉన్నాయి. బడిలో పెట్టే గుడ్డు, చిక్కీ లేవు. రాగులతో రక్తం పడుతుందని ఒక వాక్యం ఉంది. జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల్లో వంద గ్రాముల రాగులకు 364 మిల్లీగ్రాముల కాల్షియం, నాలుగున్నర మిల్లీగ్రాములకు పైన ఇనుము ఉన్నాయి. అంటే రాగుల ప్రత్యేకత రక్తానికి కావలసిన ఇనుము కాదు, ఎముకలకు కావలసిన కాల్షియం. బడిలో వారానికొకసారి ఇచ్చే నీలం రంగు మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుందని, దాన్ని వేసుకున్నాక మలం నల్లబడటం మామూలేనని, అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఇనుము సరిగా ఒంటికి పట్టదని ఒక్క ముక్క చెప్పలేదు. మా పిల్లలు మాత్రలను కిటికీలోంచి విసిరేసేది ఆ నలుపుకు భయపడే.

ఆ మరుసటి వారం రిపోర్టుల మీది పేర్లు కప్పివేసి నకళ్లు తీయించి, ప్రతి ఎర్ర అక్షరం పక్కనా ఆ వయసుకు తగిన పరిమితిని పెన్సిలుతో రాయమని పిల్లలకే అప్పగించాను. ఒక్క పీరియడులో చాలా 'హెచ్'లు కొట్టివేతకు గురయ్యాయి. తొమ్మిదింటిని మాత్రం డాక్టరుకు చూపించాలని వారే పక్కన పెట్టారు.

వచ్చే ఏడాది ఈ ప్యాకేజీని మళ్లీ తీసుకోవడానికి నాకు అభ్యంతరం లేదు, ఆ శిక్షకురాలే వస్తే మరీ సంతోషం. అయితే ఎల్‌ఎఫ్‌టీ తీసివేసి ధర తగ్గించాలి, రిపోర్టు మీద పిల్లల వయసుకు తగిన పరిమితులే ముద్రించాలి, ఏ విద్యార్థి అంకె ఆ విద్యార్థికే చేరాలి. ఈ మూడూ కాగితం మీద రాసి ఇచ్చాకే డబ్బు చెల్లించాలని మా ప్రధానోపాధ్యాయురాలు ఇప్పటికే ఫైలులో రాసిపెట్టారు.