స్కూబా ట్యాంకుకు రంగు వేయాలా, వద్దా?

రుషికొండలో డైవింగ్ నేర్చుకుని సొంత ట్యాంకు (నీళ్లలో ఊపిరికి గాలి నింపుకునే సిలిండర్) కొనాలనుకునేవాళ్లు రంగు కన్నా ముందు లోహం చూడండి, అల్యూమినియమా, స్టీలా అని.

ఖర్చు: రంగు ట్యాంకుకు కొనేటప్పుడూ, ఊడినప్పుడూ ఖర్చే. రంగు లేనిదానికి ఆ ఖర్చు లేదు.

శ్రమ: ఏ ట్యాంకునైనా సముద్రం నుంచి రాగానే మంచినీళ్లతో కడగాల్సిందే. రంగుదానికి గీతలు కూడా వెతకాలి.

రిస్క్: అసలు సంగతి ఇక్కడే ఉంది. అల్యూమినియం మీద సహజంగానే ఆక్సైడ్ పొర ఏర్పడి లోహాన్ని కాపాడుతుంది. రంగు పగిలితే ఉప్పునీరు కిందకు చేరి గుంటలు పడతాయి, పైకి కనిపించవు. తనిఖీ చేసేవారికీ కష్టమే. పౌడర్ కోటింగ్ (రంగు పొడిని చల్లి ఓవెన్‌లో కాల్చి అతికించే పూత) ఓవెన్ వేడి ఇంకా ప్రమాదం, లోహం బలమే తగ్గిపోవచ్చు. లోపల 200 బార్ ఒత్తిడి, అంటే మామూలు గాలి ఒత్తిడికి దాదాపు 200 రెట్లు, ఉండే వస్తువది! దయచేసి బైక్ రంగులు వేసే షాపుకు ఇవ్వకండి.

స్టీలు కథ వేరు. పూత లేకపోతే తుప్పు ఖాయం. జింకు పూత, దానిపై రంగు ఉంటే మేలు.

అల్యూమినియమైతే, ముఖ్యంగా ఉప్పునీళ్లలో తరచూ దిగేవాళ్లయితే, రంగు లేనిదే తీసుకోండి. స్టీలైతే కంపెనీ పూతతోనే కొనండి. గుర్తు కోసమే రంగు కావాలంటే స్టిక్కర్ చాలు, మెడ దగ్గర లోహంపై కొట్టిన ముద్రలు (ట్యాంకు వివరాలు, పరీక్ష తేదీలు) మాత్రం కప్పేయకూడదు.