కొత్త తొండను తేల్చేది పొలుసులా, డీఎన్‌ఏనా?

ఫ్రెంచి జంతు శాస్త్రవేత్త క్యువియే 1829లో సిటానా అనే తొండల ప్రజాతికి (దగ్గరి చుట్టాలైన జాతుల గుంపుకు) పేరు పెట్టాడు. గొంతు కింది తిత్తిని విసనకర్రలా విప్పే మన తొండల్లో చాలావాటిని ఆ తరువాత ఎన్నో ఏళ్లు ఒకే జాతిగా లెక్కించారు. 2016లో వాటిలోంచి ఐదు కొత్త జాతులు, సరడా అనే కొత్త ప్రజాతి బయటపడ్డాయి. (మరాఠీలో తొండను సరడా అంటారు. ఒక జాతికి పెట్టిన విసిరి అన్న పేరు తమిళం. విసనకర్ర అని అర్థం.)

పాత పద్ధతికి భూతద్దం, కొలబద్ద, ఓపిక చాలు. నడుము చుట్టూ పొలుసులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టాలి, తిత్తి పొట్ట మీద ఎంతవరకు సాగిందో కొలవాలి. సరడా మగవాటి తిత్తిలో నీలం, నలుపు, నారింజ రంగులు మెరుస్తాయి కనుక వాటిని పోల్చుకోవడం తేలిక. ఆడవాటికి ఆ తిత్తి ఉండదు. అసలు చిక్కు అక్కడే.

డీఎన్‌ఏకు ఆడా మగా తేడా లేదు. చిన్న కణజాలపు ముక్క చాలు, ఏది ఎవరికి దగ్గరి చుట్టమో తెలుస్తుంది. అయితే మ్యూజియం సీసాల్లో కుళ్లకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవంలో నానిన పాత నమూనాల నుంచి దాన్ని రాబట్టడం చాలా కష్టం. ఆ నమూనాలకు పెట్టిన పాత పేరు ఏ తొండదో తేలాలంటే మళ్లీ పొలుసులే దిక్కు.

నా మటుకు మొదట పొలుసులనే నమ్ముతాను. పొలంలో నిలబడి తొండను చూసేవారికి పనికొచ్చే వర్ణన అదే. రెండు జాతులు అచ్చం ఒకేలా ఉన్నప్పుడు మాత్రం డీఎన్‌ఏ మాటే చెల్లాలి.