ఊరికో స్పైన్ బోర్డు: కొనేముందు బెల్టులు చూడండి

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం వైపు కొబ్బరిచెట్టు మీంచో డాబా మీంచో మనిషి పడితే, చంకల కింద ఒకరు, కాళ్ల దగ్గర ఒకరు పట్టి ఆటోలో కూలేసేస్తారు. లేదంటే నులకమంచం. మంచం నడిమధ్య కుంగుతుంది, విరిగిన వెన్నుపూస దాంతోపాటే వంగుతుంది. ఊరుమ్మడిగా ఒక స్పైన్ బోర్డు, అంటే వెన్నుదెబ్బ తగిలినవాణ్ణి వెన్ను కదలకుండా ఎత్తే బల్ల, కొనుక్కోవడం చాలా మంచి పని. అయితే బోర్డులన్నీ ఒకటి కావు.

మేం చూసినది గట్టి ప్లాస్టిక్ బల్ల. ఆరడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, ఆరేడు కిలోలు. నెత్తురంటినా కడిగితే పోతుంది, మనిషిని దించకుండానే ఎక్స్-రే తీయొచ్చు. చవక రకాల్లో లోపం చేతిపట్ల దగ్గర ఉంది: బల్లకీ నేలకీ మధ్య వేళ్లు దూరే సందు ఉండదు. దాంతో ఒక పక్క ముందు లేచి మనిషి జారతాడు. కొట్లోనే నేల మీద పెట్టి, నాలుగు వేళ్లూ దూర్చి చూడండి.

బెల్టులు చాలాచోట్ల విడిగా అమ్ముతారు. ఒంటికి నాలుగు, తలకి ఒకటి కావాలి. వెల్‌క్రో వద్దు, ఇసుకా బురదా పడితే అంటుకోదు. బకిల్ రకమే తీసుకోండి. ముందు ఛాతీ, తర్వాత తుంటి, తొడలు, కాళ్లు, ఆఖరున తల. తల ముందే కట్టేస్తే, ఒళ్లు జారినప్పుడు ఆ బరువంతా మెడ మీద పడుతుంది. విప్పేటప్పుడు తలే ముందు. గడ్డం కింద పట్టీ వేయొద్దు, వాంతయితే నోరు తెరవలేడు. వాంతి వస్తే బల్లనే మొత్తంగా పక్కకి వంచాలి.

వీపు నడుమ గానీ మెడ నడుమ గానీ నొప్పి, కాళ్లలో తిమ్మిరి, కాలివేళ్లు ఆడకపోవడం, తెలియకుండా ఉచ్చ పడిపోవడం, వీటిలో ఏ ఒక్కటున్నా బల్ల తేవాల్సిందే. ఎత్తు మీంచి పడి స్పృహ లేనివాడికి వెన్నుదెబ్బ తగిలిందనే లెక్కేయాలి. ఊపిరాడకపోతే మాత్రం ముందు ఊపిరి సంగతి, తర్వాతే వెన్ను. ఒకరు తల పట్టుకోవాలి, మాట ఆయనదే. భుజం, తుంటి, మోకాళ్ల దగ్గర ముగ్గురు ఒక్కసారే పక్కకి దొర్లించాలి, అయిదో మనిషి బల్ల తోయాలి. చిన్నపిల్లలకి తల పెద్దది, బల్ల మీద మెడ ముందుకి వంగిపోతుంది. భుజాల కింద మడత దుప్పటి వేయండి.

ఇది ఎత్తడానికి పనికొచ్చే బల్లే గానీ పడకకి కాదు. మోహన ఊరి నుంచి తప్తపాణి ఘాటీ దిగి బరంపురం ఎంకేసీజీ ఆసుపత్రి దాకా దీని మీదే తీసుకెళ్తే వీపు, మడమలు ఒరుసుకుపోతాయి, స్పర్శ లేనివాడు చెప్పనూ లేడు. 108 బండి రాగానే వాళ్ల స్కూప్ స్ట్రెచర్ (నిలువునా రెండుగా విడిపోయే స్ట్రెచర్)తో ఎత్తించి, బండిలోని పరుపు మీదికి మార్పించండి.

ఎండలో గోడకి ఆనించి ఉంచితే ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. బడి వరండాలో పడుకోబెట్టి పెట్టండి, బెల్టులు దానికే కట్టి.