ఫ్రీ త్రో వరుస: ఆరుగురా, ఐదుగురా? ఎప్పుడు కదలాలి?

బాస్కెట్‌బాల్‌లో ఫౌల్‌కు పరిహారంగా, ఎవరి అడ్డూ లేకుండా గీత వెనక నుంచి వేసే ఫ్రీ త్రో షూటర్‌కీ రింగ్‌కీ మధ్య వ్యవహారంలా కనిపిస్తుంది. గురి తప్పిందా, ఆట మొత్తం లేన్ (రింగ్ ముందు గీతలు గీసిన భాగం) పక్కన నిలబడ్డవాళ్ల చేతిలోకి వెళ్తుంది. అక్కడ ఎవరు, ఎంతమంది నిలబడాలి, ఎప్పుడు కదలాలి అన్న చోటే నిబంధనలు మారుతూ వచ్చాయి.

ముందు కదలిక సంగతి. అమెరికా హైస్కూల్ ఆటలో 2014-15 సీజన్‌కు ముందు, బంతి రింగ్‌ను తాకేదాకా ఎవరూ లేన్‌లో అడుగు పెట్టకూడదు. ఆ సీజన్ నుంచి బంతి షూటర్ చేతిని వదలగానే కదలొచ్చు. ఫిబా (అంతర్జాతీయ సమాఖ్య), ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) ఆటల్లోనూ ఇదే పద్ధతి. పాతదే మేలనేవాళ్లు తోపులాట తగ్గుతుందంటారు. నిజమే, కానీ దానివల్ల నష్టపోయేది షూటర్ జట్టు. రింగ్‌కు దగ్గరి రెండు స్థానాలూ డిఫెండర్లవే, అంటే ఎదుటి జట్టువే. బంతి తగిలి ఎగిరాక, వాళ్ల పక్కనున్న షూటర్ జట్టువాడు చుట్టి వచ్చేలోపు అంతా అయిపోతుంది. బంతి గాల్లో ఉన్న ఆ కాస్త వ్యవధి ఇస్తే, బేస్‌లైన్ (రింగ్ వెనక హద్దు గీత) వైపు వెళ్తున్నట్టు భుజం వంచి, డిఫెండర్ అటు తిరగ్గానే లోపలికి దూరొచ్చు. పోటీ అంటే అదీ. రిఫరీకి కూడా హాయి: ఒకేసారి రింగ్‌నీ కాళ్లనీ చూడక్కర్లేదు.

షూటర్‌కు మాత్రం ఈ సడలింపు లేదు, బంతి రింగ్‌ను తాకేదాకా గీత దాటకూడదు. కదలకుండా ఆగాల్సిన మనిషిని ముందే గుద్దేస్తే ఏం న్యాయం? అందుకే హైస్కూల్ నిబంధనలు అప్పటిదాకా డిఫెండర్‌ను కూడా గీత వెనకున్న అర్ధవృత్తంలోకి రానివ్వవు.

ఇక సంఖ్య. హైస్కూల్ వరుసలో నలుగురు డిఫెండర్లు, షూటర్ జట్టు నుంచి ఇద్దరు ఉండొచ్చు. ఫిబా, ఎన్‌బీఏల్లో ముగ్గురు, ఇద్దరు. నా ఓటు ఐదుగురికే. షూటర్‌ను కలిపి లెక్కేయండి: ఐదుగురి వరుసలో మూడుకు మూడు, ఆరుగురి వరుసలో నలుగురికి ముగ్గురు. లోపలి స్థానాలు ముందే ఇచ్చేశాక డిఫెన్స్‌కు ఇంకో మనిషి ఎందుకు?

లేన్ వెడల్పు ప్రభావం కూడా చిన్నదేం కాదు. ఎన్‌బీఏ 1951లో 6 అడుగుల లేన్‌ను 12కి, 1964లో 16కి పెంచింది. ఫిబా లేన్ 2010 దాకా బేస్‌లైన్ దగ్గర 6 మీటర్లున్న ట్రెపీజియం, తర్వాత 4.9 మీటర్ల దీర్ఘచతురస్రం. అంటే అక్కడ కింది స్థానాల్లో నిలబడేవాళ్లు రింగ్‌కు కాస్త దగ్గరయ్యారు.

ఒక్క సందర్భంలో ఈ చర్చ అంతా అనవసరం. ఆఖరి సెకన్లలో ఆధిక్యంలో ఉన్న జట్టు షూట్ చేస్తుంటే, చాలామంది కోచ్‌లు లేన్‌లోని తమ ఇద్దర్నీ వెనక్కి పిలిచేస్తారు. అప్పుడు వాళ్లకు రీబౌండ్ (తప్పిన బంతిని అందుకోవడం) ఆశ కన్నా ఎదురుదాడి భయమే ఎక్కువ.