చిచెన్ ఇట్జా చూడండి, కానీ ఉష్మల్‌ని వదలకండి

మెక్సికోలో మాయన్ల కట్టడాలంటే మనవాళ్ళు చేసేది ఒకటే. కాన్‌కూన్‌లో రిసార్టు తీసుకుని, టూర్ బస్సులో పొద్దున చిచెన్ ఇట్జా వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చేయడం. రోడ్డు మీదే ఐదారు గంటలు పోతాయి, పైగా చేరేసరికి ఎండ నడినెత్తికెక్కుతుంది. నా మాట వింటే ముందు రాత్రే వయదోలీద్‌లో దిగండి. చిన్న ఊరు, కాన్‌కూన్‌తో పోలిస్తే గదులు చవక. అక్కణ్ణుంచి చిచెన్ ఇట్జా ముప్పావు గంట, కొలెక్టివోలనే షేర్ వ్యాన్లు తిరుగుతుంటాయి. 8 గంటలకు గేటు తీసేటప్పటికి అక్కడుండాలి. కాన్‌కూన్ టైము, చిచెన్ ఇట్జా ఉన్న యుకతాన్ రాష్ట్రం కంటే గంట ముందుంటుంది, తిరుగు విమానం ఉన్నరోజు ఇది మర్చిపోవద్దు.

పొద్దున్నే ఎందుకంటే, చిచెన్ ఇట్జాలోని పెద్ద కట్టడం కుకుల్కాన్ పిరమిడ్ ఉత్తరపు మెట్ల ఎదురుగా నిలబడి చప్పట్లు కొడితే రాళ్ళలోంచి పిట్ట కూత లాంటి ప్రతిధ్వని వస్తుంది. కెట్జాల్ పక్షి అరుపు అచ్చం ఇలాగే ఉంటుందంటారు. జనం పెరిగాక ఆ కూత వాళ్ళ మాటల్లో కలిసిపోతుంది. నాలుగు వైపులా 91 చొప్పున మెట్లు, పైన అరుగుతో కలిపి 365. ఎక్కనివ్వరు, అదే మంచిది. రాయి అరిగిపోతే మళ్ళీ తేలేం కదా.

లోపల దారి పొడుగునా కొయ్య బొమ్మల దుకాణాలు. చాలామందికి చిరాకే, కానీ ఆ అమ్మేవాళ్ళలో ఎక్కువమంది చుట్టుపక్కల ఊళ్ళ మాయన్లే. తమలో తాము మాయ భాషలోనే మాట్లాడుకుంటారు. వాళ్ళ ముందే మా గైడు "అంతరించిపోయిన జాతి" అంటుంటే నాకు మనసు కష్టంగా అనిపించింది.

ఇక ఉష్మల్, ఇదీ మాయన్ల పాత నగరమే. యుకతాన్ రాజధాని మెరిదాకి దక్షిణాన దాదాపు 80 కిలోమీటర్లు. ఇక్కడ నది లేదు, యుకతాన్ ఊళ్ళను బతికించే సెనోటేలనే సహజమైన నీటి బావులూ లేవు. నేల కింద చుల్తూన్‌లనే తొట్లు తవ్వి వాననీళ్ళు నిలవ చేసుకుని అంత నగరం నడిపారు. అందుకే ఎటు చూసినా వానదేవుడు చాక్. పెద్ద గుండ్రటి కళ్ళు, ఏనుగు తొండంలా వంకర తిరిగిన పొడుగు ముక్కు. సన్యాసినుల ప్రాంగణం అని పేరున్న కట్టడంలో ఆ ముఖాలను ఒకదాని మీద ఒకటి నిలువునా పేర్చారు. దగ్గరికెళ్ళి చూస్తే ఒక్కో ముఖం విడివిడిగా చెక్కిన రాతిముక్కల కూర్పు. అనంతపురంలో మబ్బు కోసం ఆకాశం చూస్తూ పెరిగినదాన్ని, ఆ గోడ ముందు నుంచి కదల్లేకపోయాను. మూలలు గుండ్రంగా ఉండే మాంత్రికుడి పిరమిడ్ కూడా నాకు కుకుల్కాన్ కంటే అందంగా కనిపించింది. జనం తక్కువ, వేడి రాళ్ళ మీద ఉడుముల్లాంటి ఇగ్వానాలు ఎక్కువ. బస్సులు మాత్రం బాగా తక్కువ. నలుగురుంటే మెరిదాలో కారు మాట్లాడుకోవడమే నయం.

శాకాహారులకో మాట. బీన్స్‌లో పందికొవ్వు వేయడం మామూలే, "సిన్ మాంతెకా" (పందికొవ్వు లేకుండా) అని ముందే చెప్పండి. గుమ్మడి గింజలు, టమాటా, హబనెరో మిరపకాయ నూరి చేసే సికిల్ పాక్ మాత్రం తప్పక తినండి, మన నోటికి పడుతుంది. అమెరికా వీసా చెల్లుబాటులో ఉంటే మన పాస్‌పోర్టుకి మెక్సికో వీసా వేరే అక్కర్లేదు. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలకు చేరుతుంది, నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు పెట్టుకోండి.