ఇంటి కంప్యూటరుకు డిఫెండరూ రెండు హార్డ్ డిస్కులూ: రెండేళ్ల వాడకం తర్వాత

విజయవాడలోని మా ఇంట్లో అందరికీ కలిపి ఉన్నది ఒకే డెస్క్‌టాప్. నాన్నగారి పెన్షన్ కాగితాలు, పిల్లల ప్రాజెక్టులు, ఇరవయ్యేళ్ల ఫొటోలు, అమ్మ పాడగా రికార్డు చేసుకున్న మంగళహారతులు అన్నీ దానిలోనే ఉన్నాయి. ఆరేళ్లపాటు ఏటా డబ్బు కట్టి ఒక యాంటీవైరస్ వాడాం. రెండేళ్ల క్రితం ఆ రెన్యువల్ మానేసి, విండోస్‌తోపాటే వచ్చే మైక్రోసాఫ్ట్ డిఫెండర్‌ను ఉంచుకుని, మిగిలిన సొమ్ముకు కొంత కలిపి బయట తగిలించే హార్డ్ డిస్కులు రెండు కొన్నాం. ఇలాంటి మార్పు గురించి ఆలోచిస్తున్నవారికి మా అనుభవం పనికొస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను.

డిఫెండర్ మీద చాలామందికి ఇంకా పాత అభిప్రాయమే ఉంది. అది పూర్తిస్థాయి యాంటీవైరస్‌గా విండోస్‌లో కలిసింది 2012లో, విండోస్ 8తో. మొదట్లో పరీక్షల్లో వెనకబడిన మాట నిజమే కానీ, జర్మనీలోని ఏవీ-టెస్ట్, ఆస్ట్రియాలోని ఏవీ-కంపారిటివ్స్ సంస్థలు జరిపే పరీక్షల్లో కొన్నేళ్లుగా అది డబ్బు పెట్టి కొనేవాటి సరసనే నిలుస్తోంది. దానికి ఒక బలహీనత ఉంది: కొత్త వైరస్‌ను గుర్తించడానికి అది మైక్రోసాఫ్ట్ సర్వర్ల మీద ఎక్కువగా ఆధారపడుతుంది కనుక, ఇంటర్నెట్ లేనప్పుడు దాని చూపు కొంత మందగిస్తుంది. ఎప్పుడూ నెట్ ఉండే ఇంట్లో ఇది పెద్ద లోపం కాదు.

మా ఇంట్లో దానికి అసలైన పరీక్ష జిరాక్స్ షాపు నుంచి వచ్చింది. అమ్మాయి హాల్ టికెట్ ప్రింటు తీయించుకుని తిరిగివచ్చి పెన్‌డ్రైవ్ పెట్టగానే, తెరమీద కుడివైపు మూల ముప్పు దొరికిందన్న హెచ్చరిక వచ్చింది. పెన్‌డ్రైవ్ తెరిచి చూస్తే ఖాళీగా ఉంది. నింపిన స్థలం మాత్రం అంతే చూపిస్తోంది. మన ఊళ్లలో ఏళ్లుగా తిరుగుతున్న షార్ట్‌కట్ వైరస్ అది. అసలు ఫోల్డర్లను దాచేసి, వాటి పేర్లతోనే షార్ట్‌కట్లు సృష్టిస్తుంది, వాటిమీద నొక్కితే కంప్యూటరులోకి దిగుతుంది. డిఫెండర్ ఆ షార్ట్‌కట్లను తీసేసింది గానీ దాగిన ఫోల్డర్లను బయటికి తేలేదు. ఫోల్డర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి, దాచిన ఫైళ్లను చూపమని చెప్పి, 'హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్' ఎదుట ఉన్న టిక్కు కూడా తీసేశాక అవి కనిపించాయి. అప్పటికే అమ్మాయి కాగితాలన్నీ పోయాయనుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది. చంపవలసినదాన్ని చంపి, మిగిలిన పని ఏమిటో చెప్పకుండా ఊరుకోవడం డిఫెండర్‌లో నాకు నచ్చని సంగతి.

పుణె నుంచి వచ్చే క్విక్ హీల్, చెన్నై నుంచి వచ్చే కె7 వంటి మన దేశపు యాంటీవైరస్‌లను నేను తక్కువ చేయడం లేదు. పిల్లలు చూసే సైట్ల మీద అదుపు కావాలన్నా, ఇబ్బంది వస్తే ఫోన్ చేసి అడగడానికి ఒక మనిషి ఉండాలన్నా వాటికి డబ్బు పెట్టడంలో తప్పులేదు. అయితే రెండు యాంటీవైరస్‌లు ఒకేసారి పెట్టుకుంటే రెట్టింపు రక్షణ దొరకదు. బయటిది ఒకటి ఎక్కించగానే డిఫెండర్ తనంతట తాను పక్కకు తప్పుకుంటుంది. బయటిదాని గడువు తీరినా చాలామంది తీసేయకుండా అలాగే ఉంచుతారు. గడువు తీరిన వెంటనే దాన్ని పూర్తిగా అన్‌ఇన్‌స్టాల్ చేసి, విండోస్ సెక్యూరిటీ తెరిచి, డిఫెండర్ మళ్లీ పని అందుకుందో లేదో కళ్లారా చూసుకోవాలి.

ఏ యాంటీవైరస్ పెట్టినా నిరుపయోగం చేసే అలవాటు ఒకటి మన దగ్గర బాగా పాతుకుపోయింది. క్రాక్ చేసిన, అంటే డబ్బు కట్టకుండా వాడుకునేలా తాళం తీసిన, డీటీపీ సాఫ్ట్‌వేరో, ఆఫీసు సాఫ్ట్‌వేరో ఎక్కించడానికి యాంటీవైరస్‌ను ఆపేయడం, పని అయ్యాక తిరిగి పెట్టకపోవడం. స్టాప్ లేక డిజెవు అని పిలిచే రాన్సమ్‌వేర్ ఇళ్లలోకి ప్రధానంగా ఇలాంటి క్రాక్‌ల వెంటే వచ్చింది. ఫైళ్లన్నిటికీ తాళం వేసి 980 డాలర్లు, మూడు రోజుల్లో కడితే అందులో సగం అడిగేది. అప్‌డేట్లు వేసుకోకపోవడమూ అంతే. 2017 మే 12న వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకి, ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లను సైతం పట్టుకున్నప్పటికి, దాన్ని ఆపే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ ఇచ్చి రెండు నెలలైంది. విండోస్ 10కు మామూలు మద్దతు, అంటే ఎప్పటికప్పుడు వచ్చే భద్రతా అప్‌డేట్లు, 2025 అక్టోబరు 14తో ముగిసింది కనుక, ఇంకా దానిమీదే ఉన్నవారు యాంటీవైరస్ ఎంపిక కన్నా ముందు ఆ విషయం తేల్చుకోవడం మంచిది.

విండోస్ సెక్యూరిటీలో రాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్ అనే పేజీలో 'కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్' అని ఒక మీట ఉంటుంది. మామూలుగా అది ఆపేసి ఉంటుంది, మేము పెట్టుకున్నాం. అనుమతి లేని ఏ ప్రోగ్రామూ డాక్యుమెంట్స్, పిక్చర్స్ వంటి ఫోల్డర్లలోని ఫైళ్లను మార్చకుండా అది అడ్డుకుంటుంది. మరునాడే నాన్నగారి పాత తెలుగు టైపింగ్ ప్రోగ్రాం ఫైలును సేవ్ చేయనని మొరాయించింది. ఆయన గంటసేపు కూర్చుని టైపు చేసిన వ్యాసం తెరమీదే ఉండిపోతే, దాన్ని మూయవద్దని చెప్పి, అదే పేజీలో ఆ ప్రోగ్రాంకు అనుమతి ఇచ్చాక సేవ్ అయింది. ఇంట్లో పెద్దవాళ్లు వాడే కంప్యూటరులో ఈ మీట పెట్టే ముందు వారు వాడే ప్రోగ్రాములన్నిటికీ అనుమతులు ఇచ్చి, ఆ తర్వాతే లేవాలి.

ఇక బ్యాకప్. నా లెక్కలో యాంటీవైరస్ కన్నా ముఖ్యమైనది ఇదే, ఎందుకంటే హార్డ్ డిస్క్ చెడిపోతే ఏ యాంటీవైరస్ కూడా ఫొటోలు తెచ్చి ఇవ్వలేదు. అసెంబుల్ చేయించిన మన కంప్యూటర్లలో ఉన్న ఒకే డిస్కును సి, డి, ఇ అని ముక్కలు చేసి ఇస్తారు. దానితో 'డి'లో ఇంకో నకలు ఉంది కదా అని చాలామంది నిశ్చింతగా ఉంటారు. పేర్లు మూడైనా డిస్క్ ఒకటే. పోతే మూడూ కలిసే పోతాయి.

విండోస్‌లోని ఫైల్ హిస్టరీ కూడా ఇక్కడే మనల్ని ముంచుతుంది. బయటి డిస్క్ తగిలించి దాన్ని ఆన్ చేస్తే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ వంటివాటిని గంటకొకసారి నకలు తీస్తుంది. 'డి'లో ఉన్న ఫోల్డర్ల జోలికి మాత్రం పోదు. మా ఫొటోలన్నీ 'డి'లోనే ఉండేవి. మొదటి నెలంతా బ్యాకప్ జరుగుతోందనే అనుకున్నాం, అది నిజానికి జరిగింది పిల్లల హోంవర్కుకు మాత్రమే. ఆ ఫోల్డర్లను విండోస్‌లో లైబ్రరీలు అనే ఫోల్డర్ల జాబితాలలో చేర్చాకగాని అవి డిస్కులోకి రాలేదు. ఈ సంగతి తెలిసింది కూడా నకలును వెనక్కి తెచ్చి చూసుకున్నందువల్లే. అమ్మ పాటల ఫోల్డరును పేరు మార్చి పక్కన పెట్టి, ఫైల్ హిస్టరీలోని ఆకుపచ్చ గుండ్రటి మీట నొక్కుదామని వెళితే, అక్కడ ఆ ఫోల్డరే లేదు. లైబ్రరీలో చేర్చిన తరువాతి వారం అదే పరీక్ష మళ్లీ చేశాను. తెలుగులో పెట్టుకున్న పేర్లతో సహా అన్నీ తిరిగి వచ్చాయి. ఒక పాట మొదటి నిమిషం విన్నాకనే డిస్క్ తీశాను.

డిస్కును పని అయ్యాక తప్పక తీసేయాలి. తగిలించి ఉంచితే రాన్సమ్‌వేర్ దానికీ తాళం వేస్తుంది. మేము ఆదివారం ఉదయం తగిలించి, మధ్యాహ్నం తీసి, పైన అంటించిన కాగితం మీద తేదీ వేస్తాం.

రెండో డిస్క్ ఎందుకని మొదట నాన్నగారే అడిగారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మా చిన్నాన్నగారి ఇంట్లో కంప్యూటరు, దాని పక్క బీరువా కింది అరలో దాచిన బ్యాకప్ డిస్కు రెండూ ఒకే నీళ్లలో నానాయి. ఆ తర్వాత నాన్నగారు మళ్లీ అడగలేదు. ఇప్పుడు రెండో డిస్క్ హైదరాబాదులో అక్కయ్య ఇంట్లో ఉంటుంది. సంక్రాంతికీ దసరాకూ వచ్చేటప్పుడు తెస్తుంది, కొత్త నకలు తీసి పంపుతాం.

క్లౌడ్‌ను, అంటే ఇంటర్నెట్‌లో ఫైళ్లు దాచుకునే చోటును, మేము ముఖ్యమైన కాగితాల వరకే వాడుతున్నాం. ఉచితంగా వన్‌డ్రైవ్ 5 జీబీ, గూగుల్ 15 జీబీ ఇస్తాయి, మా ఫొటోలకు అవి ఏ మూలకూ చాలవు. పైగా వన్‌డ్రైవ్‌లో కంప్యూటరు నుంచి తుడిచిన ఫైలు అక్కడా తుడుచుకుపోతుంది, రీసైకిల్ బిన్‌లో 30 రోజులు మాత్రమే ఉంటుంది.

ఇంత చేసినా ఒక లోటు మిగిలింది. ఫైల్ హిస్టరీ మన ఫైళ్లను కాపాడుతుంది గానీ విండోస్‌ను, ఎక్కించిన ప్రోగ్రాములను కాపాడదు. డిస్క్ పోతే అవన్నీ మొదటినుంచి ఎక్కించుకోవాలి. అందుకు విండోస్ ఎక్కించే పెన్‌డ్రైవ్ ఒకటి తయారుచేసి, నాన్నగారి టైపింగ్ ప్రోగ్రాం సీడీతో కలిపి హైదరాబాదు డిస్క్ పెట్టెలోనే పెట్టాము.