అమాల్ఫీ తీరం: వ్యానులోనా, పడవలోనా?
ఇటలీలోని సొరెంటో పట్టణం నుంచి చిన్న బృందంతో అమాల్ఫీ తీరాన్ని ఒక్క రోజులో చూడదలచినవారు వ్యానునో పడవనో ఎంచుకోవాలి. కొండ అంచు వెంట సాగే 163వ నంబరు రహదారి ఇరుకైనది కనుక, వేసవి రద్దీలో ఆ తీరంలోని పొజిటానో నుంచి అమాల్ఫీ పట్టణానికి చేరడానికే గంటకు పైగా పట్టవచ్చు. అయినా సముద్రమట్టానికి సుమారు 350 మీటర్ల ఎత్తున ఉన్న రవెల్లో పట్టణానికి, అక్కడి ‘విల్లా రూఫోలో’ అనే పాత భవనం తోటల దగ్గరకు చేర్చగలిగేది వ్యానే.

పడవకు ఆ రద్దీ బెడద లేదు. నిటారు కొండపై ఒకదానిమీద ఒకటి పేర్చినట్టున్న పొజిటానో ఇళ్లు, మెట్లుమెట్లుగా దిగే నిమ్మతోటలు నీటి మీద నుంచే పూర్తిగా కనిపిస్తాయి, ఆ దృశ్యం కోసమే నేను పడవ వైపు మొగ్గుతాను. అయితే సముద్రం పోటెత్తితే ప్రయాణం రద్దవుతుంది. శీతాకాలంలో పడవలు బాగా తగ్గిపోతాయి. వృద్ధులైన తల్లిదండ్రులను తీసుకువెళ్లేవారు, మలుపులకు వారికి కడుపులో తిప్పదనుకుంటే, వ్యానునే ఎంచుకోవడం మేలు.